ఇరవై మూడో పేజీ

1993లో విజయవాడలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగానికి చేరాను. రైసు మిల్లులకు, ఎరువుల కొట్లకు లెక్కల ప్రోగ్రాములు తయారు చేసి ఇచ్చే కంపెనీ అది. నేను బీకాం చదివి, ఆ పైన ఆరు నెలల కంప్యూటర్ డిప్లొమా పూర్తి చేసినదాన్ని. ప్రోగ్రాములు రాయడానికి అప్పటికే ముగ్గురు ఉన్నారు. నాకు అప్పగించిన పని వేరు. ఆ ప్రోగ్రామును ఎలా వాడాలో చెబుతూ తెలుగులో ఒక పుస్తకం రాయాలి. "నీకు తెలుగు వచ్చు, పద్దులూ వచ్చు. ఇంతకంటే ఏం కావాలి?" అన్నారు మా యజమాని.

అంతకుముందు ఇంగ్లీషులో నాలుగు కాగితాలు టైపు చేసి ఫ్లాపీలతో పాటు ఇచ్చేవారు. కానీ మిల్లులో కంప్యూటరు ముందు కూర్చునేది యజమాని కాదు, గుమాస్తా. చిట్టా (రోజువారీ పద్దుల పుస్తకం), ఆవర్జా (ఖాతాల పుస్తకం) కళ్లు మూసుకుని రాయగలిగిన మనిషి ఆ నాలుగు కాగితాలు చూసి బెంబేలెత్తిపోయేవాడు. అందుకని పుస్తకం తెలుగులో, ఆయన మాటల్లో ఉండాలనుకున్నాను. 'ఎంట్రీ' అనడానికి బదులు 'పద్దు' అన్నాను. ధాన్యం, నూకలు, తవుడు, ఊక, గోనె సంచులు, హమాలీ, తరుగు, కాటా చీటీ: ఇవన్నీ ఆయన రోజూ వాడే మాటలే. ప్రోగ్రాము ఆయనకు కొత్తదైనా పుస్తకం కొత్తగా కనిపించకూడదని నా పట్టుదల.

ఆ పుస్తకం తయారైన తీరు తలుచుకుంటే ఇప్పటికీ చేతులకు జిగురు అంటినట్టే ఉంటుంది. గవర్నరుపేటలో ఒక డీటీపీ కేంద్రంలో అక్షరాలు కూర్పించి, లేజర్ ప్రింటు తీయించాము. తెర ఎలా కనిపిస్తుందో చూపించాలంటే బొమ్మలు కావాలి. మా కంప్యూటర్లో ప్రింట్ స్క్రీన్ మీట నొక్కితే తెర మీద ఉన్నదంతా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో దిగుతుంది. దిగింది కానీ, తెర మీద చక్కగా కనిపించే గళ్లగీతలకు బదులు కాగితం మీద వాలు అక్షరాలు వరసలు కట్టాయి. రెండు రోజులు తలలు పట్టుకున్నాం. చివరికి ప్రింటర్‌తో వచ్చిన పుస్తకం తీసి మొదటి నుంచి చదివాను. ఆఖరి పుటల్లో చిన్న అక్షరాలతో ఒక పట్టిక ఉంది. ప్రింటరులో ఉండే చిన్న చిన్న స్విచ్చుల్లో ఫలానా దాన్ని ఇటు జరిపితే వాలు అక్షరాల పట్టిక, అటు జరిపితే గీతల పట్టిక వస్తాయట. బాల్ పాయింట్ పెన్ను మొనతో స్విచ్చు జరిపాను. గీతలు వచ్చేశాయి. ఆ క్షణంలో నాకు నా ఉద్యోగం ఏమిటో అర్థమైంది. ఎక్కడో కూర్చుని ఎవరో ఓపికగా ఆ పట్టిక వేశారు కాబట్టి మా పని నడిచింది. నేనూ ఎవరికో అలాంటి పట్టిక వేయాలి.

ఆ బొమ్మలు కత్తిరించి, పుటల మీద అంటించి, జిరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించాము. నలభై ప్రతులు, ఒక్కొక్కటి 64 పుటలు. కుడివైపు అంగుళంన్నర ఖాళీ వదిలించాను. కాగితం వృథా అని మా యజమాని అభ్యంతరం చెప్పారు. పద్దుల పుస్తకంలో కూడా వివరం రాసుకునే చోటు ఉంటుంది కదా, దీనికీ ఉండాలని వాదించాను. ఆయన ఒప్పుకున్నారు.

మొదటి ప్రతి తాడేపల్లిగూడెంలో ఒక మిల్లుకు వెళ్లింది. దాన్ని అందించడానికి మా ప్రోగ్రామరుతో పాటు నేను కూడా పాసింజరు బండిలో వెళ్లాను. అక్కడి పెద్ద గుమాస్తా గారికి అప్పటికే యాభై దాటాయి. పంచె, చేతుల చొక్కా, చెవి మీద పెన్సిలు. పుస్తకం అందుకుని ముందు అట్ట చూశారు, తరువాత పుటలు లెక్కపెట్టారు. "తెలుగులో ఉందే!" అన్నారు. రెండో నెలలో వెళ్లేసరికి దానికి అట్ట వేసి, పైన 'కంప్యూటరు పుస్తకం' అని రాసుకున్నారు. దసరా నాడు ఆయుధ పూజలో కాటా పక్కనే పెట్టారేమో, మొదటి పుటలో పసుపు, కుంకుమ బొట్లు ఉన్నాయి.

మా ప్రోగ్రాము ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేరులో నడిచేది. అందులో తెర మీదే సహాయం చూపించే ఏర్పాటు కూడా ఉంది. ఎఫ్1 నొక్కితే వివరణ కనబడుతుంది. ఆ వివరణలు కూడా పద్దుల్లాగే ఒక డేటా ఫైలులోనే ఉండేవి, ఒక గడిలో విషయం పేరు, ఇంకో గడిలో వివరం. నేను ముచ్చటపడి దాన్నీ నింపాను, అప్పటికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు రాసి. గుమాస్తా గారు ఒకసారి నొక్కి చూశారు. అప్పటి తెర మొత్తం కలిపి ఇరవై అయిదు వరసలు, వరసకు ఎనభై అక్షరాలు. సహాయం పెట్టె వచ్చి ఆయన ఎక్కిస్తున్న కాటా చీటీని కప్పేసింది. "అమ్మాయీ, నేను రాస్తున్న చీటీ మీదే ఇది పడుకుంటే దేన్ని చూసి దేన్ని రాయను?" అన్నారు. ఎఫ్1 మళ్లీ ముట్టుకోలేదు. ఒడిలో పుస్తకం, ఎదురుగా తెర. ఆయనకు అదే కుదిరింది.

ఇక కరెంటు. ఆ రోజుల్లో కోత ఎప్పుడు పెడతారో తెలిసేది కాదు. యూపీఎస్ ఉన్న మిల్లులు తక్కువ, ఉన్నా దాని బ్యాటరీ మీద నమ్మకం తక్కువ. చీటీ ఎక్కిస్తుండగా కరెంటు పోతే ప్రోగ్రాములోని ఇండెక్సు ఫైలు చెడిపోయేది. పద్దు లోపల భద్రంగా ఉంటుంది, కానీ పార్టీ పేరుతో వెతికితే దొరకదు. దీన్ని గుమాస్తాలకు ఎలా చెప్పాలా అని చాలా ఆలోచించాను. చివరికి ఇలా రాశాను: 'ఆవర్జాలో పద్దు ఉంది. కానీ ఆవర్జా ముందు ఉండే అకారాది పట్టికలో పుట నంబరు తప్పుగా పడింది. పట్టికను మళ్లీ రాయించాలి. భయపడవద్దు, లెక్క పోలేదు.' ఆ కింద ఎనిమిది మెట్లు, వరస నంబర్లతో. అదే ఇరవై మూడో పేజీ.

కరెంటు పోయినప్పుడు తెర మీది సహాయం కూడా తెరతో పాటే ఆరిపోతుంది. పుస్తకం మాత్రం లాంతరు దగ్గరకు తీసుకెళితే చదువుకోవచ్చు. కరెంటు వచ్చేలోగా ఆ ఎనిమిది మెట్లూ ఒకసారి చూసుకుని సిద్ధంగా ఉండేవారు మిల్లుల వాళ్లు. ఏ మిల్లుకు వెళ్లినా పుస్తకం బల్ల మీద పెడితే తనంతట తానే ఇరవై మూడో పేజీ దగ్గర తెరుచుకునేది. ఆ పేజీ కింది మూల తవుడు దుమ్ముతో, బొటనవేలి చెమటతో గోధుమరంగుకు తిరిగి ఉండేది.

ఫోన్లు వచ్చేవి. రాత్రి ఎస్.టి.డి. చార్జీలు తగ్గాక మండపేట నుంచో మిర్యాలగూడ నుంచో ఎవరో ఒకరు చేసేవారు. "ఇరవై మూడో పేజీ తీయండి, నాలుగో మెట్టు చూడండి" అనేదాన్ని. నా చేతిలోనూ అదే పేజీ. వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఇద్దరం ఒకే గీత మీద వేలు పెట్టి మాట్లాడుకునేవాళ్లం. పేజీ నంబరు అనేది ఎంత గొప్ప సౌకర్యమో అది పోయాక కానీ తెలియలేదు.

1996లో కంపెనీ నన్ను హైదరాబాదుకు యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద మూడు నెలల శిక్షణకు పంపింది. అక్కడ తెర మీద 'మ్యాన్' (మాన్యువల్‌కు పొట్టి పేరు) అని కొట్టి ఒక ఆజ్ఞ పేరు ఇస్తే, దానికి సంబంధించిన పుట వచ్చేది. యూనిక్స్‌ను తయారుచేసిన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ బెల్ లేబరేటరీస్‌లో ఆ పుటలను మొదటిసారి కూర్చి పుస్తకంగా తెచ్చింది 1971 నవంబర్ 3న. నన్ను కట్టిపడేసినవి రెండు సంగతులు. ఒకటి, ఒకసారి రాసిన పాఠాన్నే ఎన్‌రాఫ్ అనే ప్రోగ్రాము తెరకు సరిపడా దిద్ది చూపిస్తుంది, ట్రాఫ్ అనే ప్రోగ్రాము అచ్చుకు సరిపడా దిద్ది ఇస్తుంది. తెరా కాగితమా అన్న తగవే లేదు, రాత ఒక్కటే. రెండోది, చాలా పుటల చివర 'బగ్స్' అని ఒక శీర్షిక. ఈ ప్రోగ్రాములో ఫలానా లోపం ఉంది, ఫలానా చోట సరిగా పనిచేయదు అని రాసినవాళ్లే చెప్పుకోవడం! అమ్మే వస్తువు గురించి అంత నిజాయితీగా చెప్పవచ్చునని అప్పటివరకు నాకు తోచలేదు.

తిరిగి వచ్చాక మా పుస్తకంలో కూడా ప్రతి అధ్యాయం చివర 'ఇక్కడ జాగ్రత్త' అని ఒక భాగం చేర్చాను. ఒకే పార్టీ పేరు రెండు రకాలుగా రాస్తే రెండు ఖాతాలు పడతాయి. మార్చి 31 మూసివేత రెండుసార్లు నడిపితే ప్రారంభ నిల్వలు రెట్టింపవుతాయి. ఇవి మా ప్రోగ్రాము తప్పులే. మా యజమాని ముందు ఇబ్బందిపడ్డారు, రెండు రోజులు ఆ కాగితాలు బల్ల సొరుగులోనే పెట్టుకున్నారు, తరువాత సంతకం చేసి ఇచ్చారు. ఆ ఏడు మార్చిలో ఫోన్లు బాగా తగ్గాయి. ఆయన మీద నాకున్న గౌరవంలో పెద్ద భాగం ఆ సంతకానిదే.

తరువాత విండోస్ వచ్చింది, మా ప్రోగ్రామూ మారింది. పుస్తకం అచ్చు ఖర్చు తగ్గించి అంతా తెర మీదికి తేవాలన్నారు. అప్పటి హెల్ప్ ఫైలు తయారీ ఒక తపస్సు. వర్డ్‌లో ఒక్కో విషయాన్ని ఒక్కో పుటగా విడగొట్టాలి. పుట మొదట్లో ఫుట్‌నోట్లు పెట్టాలి. హాష్ గుర్తు పెడితే ఆ పుట గుర్తింపు, డాలరు గుర్తు పెడితే శీర్షిక, ఇంగ్లీషు 'కె' అక్షరం పెడితే వెతకడానికి పనికొచ్చే మాటలు. ఇంకో పుటకు దారి చూపాలంటే మాట కింద రెండు గీతలు గీసి, దాని పక్కనే ఆ పుట గుర్తింపును కనబడకుండా దాచిపెట్టాలి. మూడు వందల పుటలు అలా కుట్టాను. కానీ అది తెలుగు. అప్పటి తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టుకుని నడిచేవి. మా ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే నా మూడు వందల పుటలూ అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. ఫాంటు ఉన్నా 'తరుగు' అని వెతికితే దొరికేది కాదు. ఒక మిల్లులో నా రాత అలా కుప్పగా కనబడిన రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను.

ఆ కష్టం తీర్చింది పీడీఎఫ్. ఫాంటును తన కడుపులోనే పెట్టుకుని వెళుతుంది కాబట్టి ఏ కంప్యూటరులో తెరిచినా తెలుగు తెలుగులాగే కనబడేది. ప్రింటు తీసినా అదే పుట, అదే నంబరు. మళ్లీ ఫోన్లో "ఫలానా పేజీ తీయండి" అనగలిగాను. ఆ తరువాత యూనికోడ్ తెలుగు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన సంకేతం ఉండే పద్ధతి, మామూలు కంప్యూటర్లలోకి వచ్చింది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో 'తరుగు' అని కొట్టి వెతికితే 'తరుగు' దొరికిన రోజు పక్క గదిలో వాళ్లను కూడా పిలిచి చూపించాను.

పుస్తకమే గొప్పదని నేను అనలేను. 2005 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకపు పన్ను పోయి వ్యాట్ (విలువ ఆధారిత పన్ను) వచ్చింది. ఎంతో ముందుచూపు అనుకుని మార్చిలోనే మూడు వందల పుస్తకాలు అచ్చు వేయించాము. నెల తిరగకుండానే వాటిలో మూడో వంతు మార్చవలసి వచ్చింది. సవరణ చీటీలు అచ్చు వేసి, పోస్టులో పంపి, 'దీన్ని 41వ పేజీలో అంటించండి' అని ఉత్తరాలు రాశాము. ఎందరు అంటించారో! పాత పుస్తకం చూసి తప్పు రిటర్ను వేసిన ఒక ఎరువుల కొట్టు ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "పుస్తకంలో ఉందిగదమ్మా" అన్నారు, అంతే. నమ్మకంగా అచ్చు వేసిన తప్పును వెనక్కి పిలవలేము.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చేనాటికి మా మాన్యువల్ మొత్తం ఇంటర్నెట్ మీదే ఉంది. ఉండబట్టి బతికాము. జీఎస్టీఆర్-2 అనే కొనుగోళ్ల రిటర్ను గురించి పద్దెనిమిది పుటలు రాశాను, ఆ నవంబరులోనే దాన్ని పక్కన పెట్టేశారు. బియ్యం సంగతే తీసుకుంటే, మొదట్లో బ్రాండు ఉన్న సంచికి ఒక లెక్క, లేనిదానికి ఒక లెక్క. 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల వరకు సంచికి 5 శాతం. ఇలాంటి మార్పు అర్ధరాత్రి దిద్దితే తెల్లారేసరికి ప్రతి మిల్లులోనూ కొత్త పుట కనబడుతుంది. ఏ అచ్చు యంత్రమూ ఆ పని చేయలేదు.

అయినా నాకు ఒక లోటు ఉండిపోయింది. నిన్న చదివిన పుట ఈ రోజు అలాగే ఉండదు. మారిందని ఎవరూ చెప్పరు. "ఎడమవైపు మెనూలో రెండోది నొక్కండి" అని ఫోన్లో అంటే, "మాకు అలా లేదమ్మా" అంటారు, నిజంగానే అక్కడ అలా ఉండదు. మొత్తాన్ని ఒకచోట చేర్చి ప్రింటు తీసుకుందామంటే వీలు కాదు. నాలుగు వందల ముక్కలు, ఒక్కో ముక్క విడిగా తీయాలి, తీస్తే పక్కన మెనూలతో సహా వస్తుంది, మధ్యలో మాట తెగిపోతుంది. మా కంపెనీ కుర్రవాళ్లతో ఏడాది పాటు పోరాడి, ప్రతి పుట అడుగున 'మొత్తం పుస్తకం పీడీఎఫ్' అని ఒక లింకు పెట్టించుకున్నాను. మొదటి పుట మీద వెర్షన్, తేదీ. కుడివైపు అంగుళంన్నర ఖాళీ. "ఈ రోజుల్లో ఎవరు ప్రింటు తీస్తారు మేడమ్?" అని అడిగారు. తీసేవాళ్లు తీస్తారు, తీయడానికి దారి ఉండాలి అన్నాను.

కిందటేడు కొత్త వెర్షను నేర్పించడానికి తాడేపల్లిగూడెం మిల్లుకు మళ్లీ వెళ్లాను. కాటా కంప్యూటరుకే కలిపి ఉంది. ఏసీ గదిలో లెక్కలు చూసేది ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. పెద్ద గుమాస్తా గారు కాలం చేసి చాలా ఏళ్లయింది. ఆమె కూర్చునే చోట గోడ మీద, క్యాలెండరు పక్కన, మా పీడీఎఫ్ నుంచి తీసిన ఒక పుట అంటించి ఉంది. 'నెట్ పోయి వచ్చాక ఏం చేయాలి' అన్న పుట. మాటల్లో పాత పుస్తకం ప్రస్తావన వస్తే, ఇనుప బీరువా అడుగు అర నుంచి ఆ అమ్మాయి ఒక కట్ట తీసింది. అట్ట చిరిగినా బైండింగు ఊడలేదు. బల్ల మీద పెట్టగానే ఇరవై మూడో పేజీ దగ్గర తెరుచుకుంది.

ఆ పేజీ అంచులో చోటు మిగలలేదు. పెన్సిలుతో, నీలం సిరాతో, ఒకచోట ఎర్ర సిరాతో, గుమాస్తా గారి గొలుసుకట్టు రాత. తేదీలు. 'రాత్రి 8-40 కరెంటు పోయింది. 412 నుంచి 419 వరకు చీటీలు మళ్లీ ఎక్కించాను.' 'రెండుసార్లు పోయింది. ఏమీ చెడలేదు.' అన్నిటికంటే పైన, నా మొదటి మెట్టుకు ఎదురుగా, గీత గీసి: 'దీనికంటే ముందు కాటా పుస్తకంలో ఆఖరి చీటీ నంబరు చూసి రాసుకోవాలి. లేకపోతే ఎన్ని పోయాయో తెలియదు.' కింద 1994 నాటి తేదీ.

నేను రాసిన ఎనిమిది మెట్లలో అది లేదు. ఆయన నాతో ఎన్నడూ అనలేదు. నా పుస్తకంలో తప్పు పట్టినట్టు అవుతుందనుకున్నారేమో, తన ప్రతిలో తానే దిద్దుకున్నారు. ఆ అమ్మాయి ఆ వాక్యం పైకి చదివింది, గోడ మీది కాగితం వైపు చూసింది, మళ్లీ పుస్తకం వైపు చూసింది. "ఇది ఇప్పటి దాంట్లోనూ లేదు మేడమ్. నెట్ పోయినప్పుడు కాటాలో పడి ఇక్కడికి రాని చీటీలు నేను ఊహించి వెతుక్కుంటున్నాను" అంది.

ఆ రాత్రి లాడ్జి గదిలో లాప్‌టాప్ తెరిచి ఇంటర్నెట్ మాన్యువల్‌లో ఆ పుట దిద్దాను. ఆయన వాక్యాన్ని మొదటి మెట్టుగా పెట్టాను, కాటా పుస్తకం అన్నచోట కాటా యంత్రం అని ఒక్క మాట మార్చి. తెల్లారేసరికి అన్ని మిల్లులకూ చేరింది. అది ఎవరు చెప్పిన మాటో రాయడానికి ఆ పుటలో చోటు లేదు. పీడీఎఫ్‌లో ఉంది. అందులో ఆ పుట నంబరు ఇప్పుడు 61. కుడివైపు ఖాళీలో, చిన్న అక్షరాలతో చేర్చాను: 'మొదటి మెట్టు, తాడేపల్లిగూడెం మిల్లు పెద్ద గుమాస్తా గారు రాసుకున్నది, 1994.'